కర్నూలు నుంచి కడపకు... సంచిలో ఒక గ్లౌజు

మీరెప్పుడైనా కర్నూలు నుంచి కడపకు పగటిపూట బస్సులో వెళ్లారా? వెళ్లకపోతే ఒకసారి వెళ్లి చూడండి. రాయలసీమ అంటే రాళ్లూ రప్పలే అనుకునేవాళ్లు నంద్యాల దాటాక కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఆ మాట మళ్లీ అనరు. రమారమి రెండువందల కిలోమీటర్ల దారి. కారు మాట్లాడతానన్నారు మావారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్టు లేదాయె, ఉత్త పుణ్యానికి డబ్బు తగలేయడం ఎందుకని నేనే వద్దన్నాను.

దసరా సెలవులకు ముందు సంగతి ఇది. కడపలో ఉన్న మా చెల్లెలి కూతురు సాఫ్ట్‌బాల్ సెలక్షన్లకు ఆడుతోంది. “అక్కా, నువ్వూ పెద్దదీ తప్పకుండా రావాల” అని చెల్లెలు ఫోన్ మీద ఫోను. పెద్దదంటే మా అమ్మాయి. డిగ్రీ అయిపోయి నంద్యాలలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. బ్యాంకు కోచింగ్ అంటే నంద్యాలే కదా, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఉంటారక్కడ. బస్సు నంద్యాల చేరేసరికి బస్టాండులో ఎక్కుతానంది.

నేను తెల్లవారుజామునే లేచి జొన్నరొట్టెలు కొట్టాను. (ప్రయాణానికైతే పిండిని బాగా మరిగిన నీళ్లతో కలపండి, పైన గుప్పెడు నువ్వులు అద్దండి. సాయంత్రం దాకా మెత్తగానే ఉంటాయి.) వేరుశెనగ పొడి ఒక డబ్బాలో పెట్టి సంచి సర్దుతుంటే, అటక మీదున్న తోలు గ్లౌజు గుర్తొచ్చింది. మీరట్ నుంచి తెప్పించింది. దుమ్ము దులిపి, కాస్త కొబ్బరినూనె రాసి, రొట్టెల డబ్బా పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పటికి నాకే తెలీదు.

కర్నూలు దాటగానే ఓర్వకల్లు. రోడ్డు పక్కనే ఏనుగుల్లాగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు రాళ్లు. అక్కడి విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. రెండు కరోనాల నడుమ, జనం కాస్త ఊపిరి పీల్చుకున్న రోజులవి. ఆ రోజుల గురించే మీతో చెప్పాలని ఈ ప్రయాణం మొదలుపెట్టాను.

సాఫ్ట్‌బాల్ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకూ తెలీదు, మా అమ్మాయి ఏడో తరగతిలో పీఈటీ సారు పిలిచి ఆడించేదాకా. అమెరికావాళ్ల బేస్‌బాల్‌కు ఇది చెల్లెలు వంటిది. ఒక్కో జట్టుకు తొమ్మిదిమంది. బేస్‌బాల్ బంతి చుట్టుకొలత తొమ్మిది అంగుళాల పైచిలుకు, దీని బంతి పన్నెండు అంగుళాలు, అంటే మన పెద్ద చీనీకాయంత. బంతిని చెయ్యి కిందినుంచి ఊపి విసరాలి. కొట్టినవాళ్లు అరవై అడుగుల దూరానికొకటి ఉన్న మూడు బేసులూ తొక్కి మళ్లీ బయల్దేరిన చోటికి రావాలి. చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడినవాళ్లకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఖరీదైన ఆట కాదు గానీ గ్లౌజు దగ్గరే చిక్కు. మా అమ్మాయిది ఎడమచేతి వాటం. అలాంటివాళ్లకు గ్లౌజు కుడిచేతికి ఉండాలి. అది కర్నూల్లో దొరకలేదు. రెండు నెలల పాలచీటీ డబ్బులు దాచి తెప్పించాను.

ఇప్పుడు అసలు లెక్క వినండి. బడిపిల్లల పోటీలు పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు, పంతొమ్మిదేళ్ల లోపు అని మూడు రకాలు. ఫలానా సంవత్సరం జనవరి 1 తర్వాత పుట్టి ఉండాలని నిబంధన. మా అమ్మాయి 2004 ఏప్రిల్లో పుట్టింది. పదిహేడేళ్ల లోపు జట్టులో ఆడడానికి 2020–21 దానికి ఆఖరు సంవత్సరం. అంతకుముందు ఏడాది రాష్ట్రజట్టు ఎంపికలో ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. “వచ్చే సంవత్సరం ఖాయం” అన్నారు సారు. ఇంట్లో అందరమూ ఆ మాటే పట్టుకున్నాం.

2020 మార్చి 19 నుంచి మన రాష్ట్రంలో బళ్లు మూసేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. అంత ఉత్సాహంగా చదువుకున్న పదో తరగతి పరీక్షలు వాయిదా మీద వాయిదా పడి జూన్ 20న రద్దయ్యాయి. ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలోని జిల్లాలన్నిటికంటే మా కర్నూలు జిల్లాలోనే కేసులు ఎక్కువ. వీధి మొదట్లో వెదురు బొంగులు కట్టేశారు. పాలు, కూరలు గుమ్మం ముందుకే వచ్చేవి. కొండారెడ్డి బురుజు దగ్గర కాకులు తప్ప మనుషులు కనపడేవాళ్లు కాదు.

పిల్ల మిద్దె మీదికెక్కేది. బంతిని పాత సాక్సులో పెట్టి ముడేసి, నీళ్లట్యాంకు గోడకేసి కొట్టేది. సాక్సు ఎందుకంటే, లేకపోతే బంతి ఎగిరి పక్కింట్లో పడుతుంది, తెచ్చుకోవడానికి వెళ్లనివ్వరు! పొద్దున ధన్ ధన్, సాయంత్రం ధన్ ధన్. కింద మామగారు పడుకునేవారు. “ఏందమ్మా ఆ చప్పుడు, గుండెలమీద రోకలిపోట్లు వేసినట్టు” అనేవారు. మిద్దె మీద పరిచిన బేతంచెర్ల బండ ఒకటి పగిలింది. మావారు కోప్పడ్డారు. నేనూ కోప్పడ్డాను. “వచ్చే ఏడు ఆడుకోవచ్చు లేవే” అన్నాను. అదేమీ అనలేదు.

నవంబరులో తుంగభద్ర పుష్కరాలొచ్చాయి, 20 నుంచి డిసెంబరు 1 వరకు. పన్నెండేళ్లకొకసారి వచ్చే పండుగ మా ఊరికి. కరోనా మూలంగా నదిలో మునగనివ్వలేదు. ఒడ్డున నిలబడి నీళ్లకు దండం పెట్టి వచ్చాం. మామగారు చాలా బాధపడ్డారు. అప్పుడు మా అమ్మాయి అంది, “జేజబ్బా, పుష్కరాలు మళ్లీ పన్నెండేళ్లకు వస్తాయి కదా. నాకు అండర్ సెవెంటీన్ మళ్లీ రాదు.” నాకు తల కొట్టేసినట్టయింది. ‘వచ్చే ఏడు’ అని నేను వంద సార్లు అని ఉంటాను, దాని లెక్కలో వచ్చే ఏడు లేనేలేదని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇక నా తప్పు చెబుతాను. తప్పో ఒప్పో మీరే చెప్పండి. 2021 జనవరిలో ఇంటర్ తరగతులు మొదలయ్యాయి. సారు ఫోన్ చేసి, సాయంత్రం గంట సేపు మైదానంలో ఆడిస్తాం, పంపండి అన్నారు. నలుగురైదుగురు పిల్లలు వెళ్లారు. నేను పంపలేదు. మామగారికి షుగరు, డెబ్బై దాటిన మనిషి. పిల్ల ఏడ్చింది, రెండ్రోజులు అన్నం మానేసింది. నేను కదల్లేదు. ఏప్రిల్లో రెండో కరోనా వచ్చింది. మా వీధిలోనే మూడిళ్లలో మనుషులు పోయారు. మామగారికి ఏమీ కాలేదు. ఇవాళ్టికీ వరండాలో కూర్చుని పేపరు చదువుతారు. ఆయన్ను చూసినప్పుడు చేసింది సరే అనిపిస్తుంది, పిల్ల మొహం చూస్తే ఆ రెండు నెలలైనా ఆడుకోనివ్వాల్సింది అనిపిస్తుంది. ఇప్పటికీ రెండూ అనిపిస్తూనే ఉన్నాయి.

పోటీలైతే ఎక్కడా లేవు లెండి. 65వ జాతీయ పాఠశాల క్రీడలు 2019–20వి. 66వవి ఎప్పుడు జరిగాయో తెలుసా? 2023 జూన్‌లో! నడుమ పిల్లలు పెరిగారు గానీ ఆటలు జరగలేదు. అప్పటికి మా అమ్మాయి ఇంటరు దాటి డిగ్రీలో ఉంది. పంతొమ్మిదేళ్ల లోపు జట్టు కూడా అలా జారిపోయింది. కడపలో సర్కారు క్రీడా పాఠశాల ఉంది. అక్కడ పిల్లలు ఉండి చదువుకుంటూ ఆడుతుంటారు. బళ్లు మూసిన ఆ మార్చిలో అలాంటి హాస్టళ్ల పిల్లలు పెట్టెలు సర్దుకుని పల్లెలకు పోయారు. మిద్దె కూడా లేని ఇళ్లు ఎన్నో కదా.

మా ఆడపడుచు వాళ్లు అమెరికాలో టెక్సాస్‌లో ఉంటారు. వాళ్లబ్బాయికి అప్పుడు పన్నెండేళ్లు, బేస్‌బాల్ పిచ్చి. అక్కడ లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అని పన్నెండేళ్ల లోపు పిల్లలకు జరుగుతుంది. 1947లో మొదలైనప్పటినుంచి ఒక్కసారీ ఆగనిది 2020లో ఆగింది. వీడు అంతదాకా వెళ్లేవాడని కాదు, వాళ్ల ఊరి ఆటలూ ఆగిపోయాయి. పదమూడు వస్తే ఆ జట్టులో చోటు లేదు. బావామరదళ్లిద్దరూ వీడియోలో ఒకరికొకరు గ్లౌజులు చూపించుకుని కూర్చునేవాళ్లు. ఇక్కడ రాత్రి, అక్కడ పగలు. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. అక్కడి కాలేజీ క్రీడల సంఘం 2020 మార్చి నెలాఖరులోనే, ఆ సీజను పోగొట్టుకున్న కాలేజీ ఆటగాళ్లకు ఇంకో ఏడాది ఆడే అర్హత ఇచ్చింది. ఆ సంగతి విన్నరోజు మా అమ్మాయి “మా, అట్లా కూడా ఇస్తారా!” అని నోరు తెరిచింది.

2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ టీవీలో చూసింది. ఒక ఏడాది వాయిదా పడి జరిగాయి కదా. సాఫ్ట్‌బాల్ 2008 తర్వాత మళ్లీ అప్పుడే ఒలింపిక్స్‌కు వచ్చింది. మొదటి ఆట ఫుకుషిమాలో, చూసేవాళ్లు ఒక్కరూ లేని మైదానంలో. ఫైనల్లో జపాన్ అమెరికాను 2–0తో గెలిచింది. 2008లో బంతి వేసి గెలిపించిన యుకికో ఉయెనోనే ఈసారీ వేసింది, 39 ఏళ్ల వయసులో! నేను స్టవ్ ఆర్పి వచ్చి చూశాను.

నంద్యాలలో పిల్ల ఎక్కింది. కూర్చోగానే “ఏం తెచ్చినావు మా?” అని సంచి తెరిచి, రొట్టెల డబ్బాకంటే ముందు గ్లౌజు చూసింది. ఏమీ అనకుండా చేతికి తొడుక్కుని, వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది. “బిగుసుకుపోయింది” అని మాత్రం అంది.

ఎడమవైపు నల్లమల కొండలు మా వెంటే వస్తున్నాయి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క శిల్పులు రాళ్లు చెక్కుతున్నారు, సగం చెక్కిన అమ్మవారు ఎండలో నిలబడి ఉంది. చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. ఈ దారిలో పచ్చదనమంతా చాలావరకు కె.సి. కాలువ చలవే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని కడపదాకా వెళ్లే కాలువ. 1860లలో ఒక కంపెనీ తవ్వించింది, పడవలు కూడా నడిపేవాళ్లట. మా పుట్టింటికీ అత్తింటికీ ఒకటే కాలువ అని మా నాన్న నవ్వేవారు. చెన్నూరు దగ్గర పెన్న దాటితే కడప వచ్చినట్టే.

మైదానంలో ఎండ. తల్లులందరూ గోడనీడకు చేరి చేటల్లాగా అట్టముక్కలు ఊపుకుంటున్నాం. మా చెల్లెలు నాకంటే ఎక్కువ అరుస్తుంది, అది పుట్టుకతోనే అంతే. దాని కూతురు గ్లౌజు కుట్టు ఊడిపోయిందట, ఎవరిదో అడిగి తెచ్చుకుని ఆడుతోంది. నాకు చటుక్కున ఆశ పుట్టింది. సంచిలోంచి మాది తీశాను. పెద్దది నవ్వేసింది. “మా, అది కుడిచేతి వాటం పిల్ల. ఇది దానికి ఎట్లా పట్టదు.”

నిజమే, అది నాకు తట్టనే లేదు. గ్లౌజు మళ్లీ సంచిలో పెట్టేశాను. ఆట అయ్యాక చూస్తే సంచి తేలిగ్గా ఉంది. పెద్దది మైదానం చివర్న ఖాళీ చోట నిలబడి చిన్నదానికి బంతులు వేస్తోంది, ఎడమచేత్తో. సెలక్షను పేర్లు సాయంత్రం చదువుతామన్నారు. అందాకా ఏదైనా తిందామని, ఎర్రకారం దోసె ఎక్కడ బాగుంటుందో మా చెల్లెల్ని అడిగాను.