పరీక్షిత్తు అడిగిన ప్రశ్న: వృద్ధాశ్రమంలో గ్రంథగోష్ఠి

భాగవత ప్రవచనాలలో శుకమహర్షి వైభవాన్ని విస్తారంగా కీర్తిస్తారు. శ్రోత ప్రసక్తి మాత్రం త్వరగా ముగిసిపోతుంది. కాని ఆ మహాగ్రంథం ఒక శ్రోత అడిగిన ప్రశ్న వల్లనే లోకానికి లభించింది. శమీకముని మెడలో మృతసర్పాన్ని వేసిన దోషానికి, ఆ ముని కుమారుడైన శృంగి శపించాడు. ఏడవ దినాన తక్షకుని వల్ల మరణం నిశ్చితమని తెలిసిన పరీక్షిత్తు, రాజ్యాన్ని జనమేజయునికి అప్పగించి గంగాతీరంలో ప్రాయోపవిష్టుడయ్యాడు. మరణం సమీపించినవాడు వినవలసినది ఏది, చేయవలసినది ఏది, స్మరించవలసినది ఏది అన్నది ఆయన ప్రశ్న. ద్వితీయస్కంధం ఆ ప్రశ్నను శుకుడు శ్లాఘించడంతోనే ఆరంభమవుతుంది. ఉత్తరం తరువాతి మాట.

వరంగల్ నుండి ఖమ్మం పోయే రహదారిపై ఉన్న వర్ధన్నపేట వంటి ఊరిలో, ఒక వృద్ధాశ్రమంలో గ్రంథగోష్ఠిని ఆరంభించదలచినవారు మొదట ఈ క్రమాన్ని గమనించాలి. సాధారణంగా జరిగేది దీనికి విపర్యయం. ఎవరో ఒక సజ్జనుడు గ్రంథాన్ని తానే ఎంచుకొని, ప్రతులు కొని, అరుగు మీద వృద్ధులను వరుసగా కూర్చుండబెట్టి చదవడం మొదలుపెడతాడు. మూడవ వారానికి సగంమంది నిద్రిస్తారు, మిగిలినవారు మర్యాదకు కూర్చుంటారు. వృద్ధులకు ఆసక్తి లేదని ఆ సజ్జనుడు నిర్ణయించుకుంటాడు. అడగని ప్రశ్నకు ఉత్తరం చెప్పబోయిన సంగతి ఆయన దృష్టికి రాదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో భారత ప్రభుత్వం చేసిన చట్టం ఉన్నది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, నిరాధారులైన 150 మందికి చోటుండే వృద్ధాశ్రమాలను రాష్ట్రప్రభుత్వాలు స్థాపించవచ్చునని అందులోని 19వ విభాగం చెబుతున్నది. అక్కడ అందవలసిన సేవలను ప్రస్తావిస్తూ వైద్యాన్ని, వినోదసాధనాలను పేర్కొన్నది. శరీరానికి ఔషధం, కాలక్షేపానికి వినోదం! చట్టం అంతకన్న చెప్పగలదని ఆశించడం న్యాయం కాదు. అయితే గ్రంథగోష్ఠిని ఈ రెండవ పద్దులో వ్రాసి, దూరదర్శిని పెట్టె పక్కన నిలబెట్టడమే చిక్కు. తైత్తిరీయోపనిషత్తు స్వాధ్యాయాన్ని, దానిని పరులకు చెప్పే ప్రవచనాన్ని జీవితాంతం విడువరాని ధర్మాలుగా విధించింది. వాటికి విరమణ వయస్సు లేదు.

ఇక్కడ ఒక పదం విషయమై జాగరూకత అవసరం. వృద్ధాశ్రమంలోని 'ఆశ్రమ' శబ్దాన్ని పట్టుకొని అక్కడివారిని వానప్రస్థులుగా భావించేవారున్నారు. వానప్రస్థం గృహస్థు తనంతట తాను స్వీకరించినది. సంతానం కర్తవ్యభారం వహించగలదని తృప్తి చెంది, తానే గడప దాటినవాడు వానప్రస్థుడు. తనను గడప దాటించినవారిని తలచుకొని రాత్రులు మేల్కొని ఉండే వృద్ధురాలికి వైరాగ్యశతకం వినిపించడం ఉపదేశం కాదు, పుండు మీద కారం. సంసారం మిథ్య అన్న మాటను, కుమారుని ఫోను కోసం నిరీక్షించే తల్లి ఎదుట ఉచ్చరించే అధికారం ఎవరికైనా ఉన్నదా అన్నది ఆలోచింపదగినది. సాధనచతుష్టయంలోని వైరాగ్యం ఇష్టవస్తువును వివేకంతో విడవడం; ఇష్టవస్తువు తనను విడిచిపోవడం వేరు.

అందుచేత ఆరంభానికి తత్త్వగ్రంథాల కన్న కథలే మేలు. యయాతి వృత్తాంతాన్ని చూడండి. శుక్రాచార్యుని శాపంతో అకాలవార్ధక్యం పొందిన తండ్రి, తన ముదిమిని తీసుకొని యౌవనం ఇమ్మని కుమారులను యాచిస్తాడు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు నిరాకరిస్తారు. కడపటివాడైన పూరుడు అంగీకరిస్తాడు. ఈ కథ నన్నయ ఆదిపర్వంలోను, భాగవత నవమస్కంధంలోను ఉన్నది. యువకుల సభలో ఇది పితృభక్తి కథ. వృద్ధాశ్రమంలో ప్రశ్నలు మారతాయి. ఆ నలుగురు చేసినది తప్పా? కన్న కొడుకును అటువంటిది అడుగవచ్చునా? పూరుని తల్లి శర్మిష్ఠ ఏమనుకొని ఉంటుంది? ఇటువంటి ప్రశ్న ఒక్కటి శ్రోతల నుండి వెలువడిన దినమే గోష్ఠి ఆరంభమైనట్లు లెక్క.

ప్రథమస్కంధంలోని ధృతరాష్ట్ర నిర్గమనం ఇంతకన్న కఠినమైనది. తన కుమారులను వధించిన పాండవుల ఇంట ఆ అంధవృద్ధుడు జీవించాడు. భారతం దానిని పదిహేను సంవత్సరాలుగా లెక్కించింది. తీర్థయాత్ర నుండి తిరిగి వచ్చిన విదురుడు, భీముడు పెట్టే కూటికి కుక్క వలె కాచుకొని ఉన్నావని అన్నను నిష్ఠురంగా మందలిస్తాడు. ఆ రాత్రియే గాంధారితో కూడి ధృతరాష్ట్రుడు ఎవరికీ చెప్పకుండా వెడలిపోతాడు. ఈ ఘట్టాన్ని మొదటి మాసంలో చదవరాదు. పరస్పరం విశ్వాసం కుదిరిన పిదప చదివితే, ఒకరికి అవమానంగా తోచినది మరొకరికి విముక్తిగా తోస్తుంది. ఆ భేదం పైకి రావడానికి చోటివ్వాలి. వ్యాఖ్యాత తొందరపడి సమన్వయం చేయరాదు.

చదువు రానివారి మాటేమిటన్న శంక సహజం. ఈ ప్రాంతంలో బాల్యంలో బడి ముఖం చూడని వృద్ధులు, విశేషించి స్త్రీలు, అనేకులు. కాని శ్రవణ మనన నిదిధ్యాసలలో మొదటిది శ్రవణమే గాని పఠనం కాదు. పైగా వర్ధన్నపేటకు సమీపంలోనే, పాలకుర్తి మండలంలో, పోతన పేరుతో ముడివడిన బమ్మెర ఉన్నది. పాలకుర్తి సోమనాథుడు బసవపురాణాన్ని దేశీయమైన ద్విపదలో రచించినది సామాన్యుల నోట నిలవాలనే. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుకథ విన్నవారికి దీర్ఘకథను గంటల తరబడి మనస్సులో ధరించడం కొత్త కాదు. అక్షరం తెలియని అవ్వ గజేంద్రమోక్ష పద్యాన్ని తప్పులేకుండా చెప్పి, పుస్తకం చూచి చదివేవారిని సరిదిద్దడం ఈ దేశంలో అపూర్వం కాదు. అటువంటి చోట ఎవరు పాఠకులు, ఎవరు నిరక్షరులు?

గ్రంథాల సమస్య అంత పెద్దది కాదు. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లోనే, నిజాం పాలనలో, తెలుగుకు ఆదరణ కొరవడిన కాలంలో వెలసింది. నేడు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది. దశాబ్దాలుగా దానిని చెల్లించినవారు తమ వద్దకు పుస్తకాలు పంపమని గ్రంథాలయాన్ని అడగడం యాచన కాదు. పెద్ద అక్షరాల ప్రతి ఒకటి చాలు. చదివేవారు ఒక్కరే కదా. అపరాహ్ణ నిద్ర ముగిసి, టీ తాగిన తరువాత ముప్పావు గంట. వినికిడి తగ్గినవారికి ముందు వరుస. నాలుగు పద్యాలు, వాటి తాత్పర్యం, ఆపై మౌనం. ఆ మౌనాన్ని ఉపన్యాసంతో నింపకుండా ఉండడమే నిర్వాహకునికి కష్టతరమైన తపస్సు.

చదివేవారెవరు? భాగవతం శుకుని వయస్సు పదహారు సంవత్సరాలని చెబుతున్నది. ఋషులు, రాజర్షులు కూర్చున్న సభలో పదహారేళ్ల బాలుడు వక్త! వర్ధన్నపేటలో ఇంటర్మీడియెట్ చదివే పిల్లల వయస్సు అదే. పరసవర్ణాల వద్ద తడబడే ఆ కంఠాన్ని, "మెల్లగ సదువు బిడ్డా" అని ఒక తాత ఆపితే, గురుశిష్య సంబంధం ఎటు నుండి ఎటు ప్రవహిస్తున్నదో చెప్పడం కష్టం.

"గిప్పుడు విని ఏం జేస్తం, పోయే కాలం వచ్చె" అన్న మాట వినబడక మానదు. దానిని నిరుత్సాహమని కొట్టివేయరాదు. పరీక్షిత్తు ప్రశ్న తెలంగాణపు నుడిలో అదే. శుకుడు దానికి ఖట్వాంగుని ఉదాహరణం చెప్పాడు. తన ఆయుర్దాయం ముహూర్తకాలమే మిగిలి ఉన్నదని తెలిసిన ఆ రాజర్షి అంతలోనే అభయపదాన్ని పొందాడు. నీకు ఇంకా ఏడు దినాలున్నవి కదా అన్నది ఆ మాటలోని ఆశ్వాసం. మరణం పేరెత్తకుండా జరిగే గోష్ఠులు వృద్ధులను పసిపిల్లలను చేస్తాయి. వారికి తెలియని విషయాన్ని దాస్తున్నామన్న భ్రమ నిర్వాహకులది మాత్రమే.

ఒకనాడు ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ వారం గోష్ఠి జరపాలా, మానాలా అన్న సందేహం తప్పక వస్తుంది. ఏడవ దినాన పరీక్షిత్తు దేహం తక్షకవిషాగ్నిలో భస్మమైంది. ఆ సభలో ఒక వైపు కూర్చొని విన్న సూతుడు నైమిశారణ్యంలో శౌనకాదులకు అదే కథను వినిపించాడు. పోతన భాగవతంలోనూ కొన్ని భాగాలు శిథిలం కాగా, పంచమస్కంధాన్ని గంగన, షష్ఠాన్ని సింగన, ఏకాదశ ద్వాదశాలను నారయ పూరించారు. వెళ్లిపోయినవారు కడసారి విన్న పద్యం దగ్గర ఒక దారపుపోగు పెట్టి ఉంచవచ్చు. మరుసటి వారం ఆ పద్యాన్ని మరొకసారి చదివి, తరువాతి దానికి సాగవచ్చు.