ఫ్లోరిడా సరస్సుల్లో పాతబోటు బేరం

తెర మీద నీలాల సరస్సు. ముందు మోటారు బోట్లు రివ్వున దూసుకుపోతూంటాయి. వాటి వెనక తాళ్ళు పట్టుకుని, కాళ్ళకి చెక్కలు కట్టుకుని, బారులు తీరిన కొంగల్లా అమ్మాయిలూ అబ్బాయిలూ నీటి మీద జారిపోతూంటారు. మధ్యలో ఈతల సుందరి ఎస్తేర్ విలియమ్స్! 1953లో వచ్చిన 'ఈజీ టు లవ్' చిత్రంలో చివరి ఘట్టం ఇది. దీనికి నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ. వందల మంది నర్తకీమణుల్ని పూలరేకుల్లా తిప్పిన మొనగాడు, ఈసారి బోట్లని తిప్పాడన్నమాట!

అంతకు ముందు ఏడే, 1952లో, మూడు ప్రొజెక్టర్లతో వంపు తిరిగిన తెర మీద చూపించిన 'దిస్ ఈజ్ సినెరామా'లోనూ ఇవే సరస్సులు, ఇవే విన్యాసాలు. ఆ చోటి పేరు సైప్రస్ గార్డెన్స్. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, వింటర్ హేవెన్ అనే ఊళ్ళో ఎలోయిస్ సరస్సు ఒడ్డున ఉంది. ఈమధ్య ఆ వైపు వెళ్ళే అవకాశం వచ్చింది. వెళ్ళింది తారల జాడలు వెతకడానికి కాదు, ఒక మిత్రుడు పాతబోటు కొంటుంటే తోడుగా!

మర్రిచెట్టు కింద హాలీవుడ్

సైప్రస్ గార్డెన్స్‌ని డిక్ పోప్ అనే ఆయన, ఆయన భార్య జూలీ కలిసి 1936లో తెరిచారు. మొదట్లో అది పూలతోట మాత్రమే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పత్రికలో నీటిస్కీయింగ్ ఫొటో చూసిన సైనికులు కొందరు వచ్చి "ప్రదర్శన ఎన్నింటికండీ?" అని అడిగారట. అసలు ప్రదర్శన అంటూ ఉంటే కదా! జూలీ తడుముకోకుండా ఒక టైము చెప్పేసి, తన పిల్లల్నీ వాళ్ళ స్నేహితుల్నీ నీళ్ళలోకి దింపిందని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కణ్ణించి మొదలైంది వైభోగం. కెమెరాలొచ్చాయి, తారలొచ్చారు. 'ఈజీ టు లవ్' కోసం ఫ్లోరిడా పటం ఆకారంలో ఈతకొలను కూడా కట్టారు.

ఆ తోట 2009లో మూతపడింది. 2011లో అదే స్థలంలో లెగోలాండ్ అనే పిల్లల వినోదశాల తెరిచారు. పాత పూలతోటని మాత్రం అలాగే ఉంచారు. అందులో 1939లో చిన్న మొక్కగా నాటిన మర్రిచెట్టు ఇప్పుడు ఊడలు దింపుకుని ఒక చిన్న అడవిలా పరుచుకుంది. దాని కింద నిలబడితే క్షణంపాటు మన ఊరి చెరువుగట్టు మీద ఉన్నట్టే అనిపిస్తుంది. నీళ్ళలో మొసళ్ళుంటాయన్న బోర్డులు చూశాక గానీ ఎక్కడున్నామో గుర్తు రాదు!

వింటర్ హేవెన్ చుట్టూ సరస్సులే. ఒకదాన్నుంచి ఇంకొకదానికి కాలువలు. ఇంటి వెనక గుమ్మంలో కారుకి బదులు బోటు కట్టుకున్నవాళ్ళు బోలెడంతమంది. నీటిస్కీయింగ్ పుట్టింది ఇక్కడ కాదు. 1922లో మినసోటాలోని పెపిన్ సరస్సులో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మొదలెట్టాడు. కానీ ఆ ఆటకి మేకప్ వేసి, లైట్లు పెట్టి, వెండితెర ఎక్కించింది మాత్రం ఫ్లోరిడాయే. దానికి తగ్గ బోటు పేరు తెచ్చుకున్నదీ ఇక్కడే. ఆర్లాండో నగరంలోని కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ 1961 నుంచి 'స్కీ నాటిక్' అనే బోట్లు తయారు చేస్తోంది.

రాజమండ్రి ఆడపడుచు షరతులు

మా మిత్రుడు ఆర్లాండోలో ఉద్యోగం. పద్నాలుగేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. స్కూలు స్నేహితుల బోట్లు చూసి పిల్లలిద్దరూ "నాన్నా, మనకీ!" అని రెండేళ్ళుగా గొడవ. కొత్త స్కీబోటంటే ఇప్పుడు లక్ష డాలర్లు దాటిన మాట. అందుకని పాతదాని మీద పడింది మావాడి కన్ను.

చెల్లెమ్మ మాత్రం ససేమిరా అంది. ఆమెది రాజమండ్రి. మనకి సినిమాలో పడవ అంటే 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973) గుర్తొస్తాయి. ఆమెకి గుర్తొచ్చేది వేరు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర గోదాట్లో మునిగిపోయింది. పదుల మంది తిరిగి రాలేదు. "మా గట్టు మీద ఆ వారమంతా ఎవరి ఇంట్లోనూ పొయ్యి సరిగ్గా వెలగలేదు అన్నయ్యగారూ. నీళ్ళతో నాకు సరదా లేదు" అంది.

చివరికి మూడు షరతుల మీద ఒప్పుకుంది. ఒకటి, బోటు కదిలితే ప్రతివాడి ఒంటి మీదా లైఫ్‌జాకెట్ ఉండాలి. రెండు, భార్యాభర్తలిద్దరూ బోటు నడిపే పాఠం నేర్చుకోవాలి. మూడు, బోటుని తమకు తెలిసిన మెకానిక్ చూసి సరే అంటేనే డబ్బివ్వాలి. ఫ్లోరిడాలో 1988 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకే ఆ పాఠం తప్పనిసరి. మావాడు అంతకుముందే పుట్టాడు. "చట్టం వదిలేసినా నేను వదల్నండీ" అంది. ఇద్దరూ చదివి, పరీక్ష రాసి, కార్డులు తెచ్చుకున్నారు!

ఇంజను ఎక్కడుంది?

బోటు కొనేముందు తెలియాల్సిన మొదటి సంగతి ఇంజను ఎక్కడుందన్నది. వెనక బయట వేలాడేది అవుట్‌బోర్డ్. ఇంజను లోపలుండి, పంకా ఉన్న కాలు మాత్రం వెనక బయటికి చొచ్చుకొచ్చేది స్టెర్న్‌డ్రైవ్. ఇంజనూ లోపలే, పంకా బోటు కడుపు కిందే ఉంటే అది ఇన్‌బోర్డ్. తాడు పట్టుకుని వెనక ఉండే మనిషికి పంకా దూరంగా, మరుగున ఉంటుంది. కాబట్టి లాగే ఆటలకి దీన్ని మెచ్చుకుంటారు. వెనక అలల మీద దగ్గరగా నిలబడి చేసే వేక్‌సర్ఫింగ్‌కైతే మామూలు స్టెర్న్‌డ్రైవ్ ఆలోచనే చేయకూడదు. పంకా ఆ పక్కనే ఉంటుంది!

ఇన్‌బోర్డుల్లో మళ్ళీ రెండు రకాలు. డైరెక్ట్ డ్రైవ్‌లో ఇంజను బోటు నడుమ పెట్టెలో కూర్చుంటుంది. వెనక లేచే అల చిన్నది, స్కీకి హాయి. వీ-డ్రైవ్‌లో ఇంజను వెనక్కి పోతుంది. కూర్చునే చోటు పెరుగుతుంది, అలా పెద్దదవుతుంది. అది వేక్‌బోర్డు కుర్రాళ్ళకి ఇష్టం. "పిల్లలకి స్కీ నేర్పాలి, నలుగురం కూర్చోవాలి, అంతే" అనుకుంటే డైరెక్ట్ డ్రైవ్ చాలు. ఏం ఆట ఆడతామో తేల్చుకోకుండా బోటు కొనడం, కథ లేకుండా కాల్షీట్లు తీసుకోవడం లాంటిది.

ఎర్రబోటు హీరోయిన్

మొదటి బోటు చూడగానే పాప "ఇదే! ఇదే!" అని గంతులేసింది. ఎర్రటి రంగు, అద్దంలా మెరుపు, కొత్త సీట్లు, చెవులు పగిలే స్పీకర్లు. పదహారు వేల డాలర్లన్నాడు అమ్మేవాడు. "మంచినీళ్ళలో తప్ప ఎప్పుడూ దింపలేదు" అని కూడా అన్నాడు.

మెకానిక్ తెల్లజుట్టు పెద్దాయన. స్పీకర్ల వంక చూడలేదు, సీట్ల వంక చూడలేదు. తిన్నగా వెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది! మేము రాకముందే వేడిచేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను మొరాయిస్తుందేమోనని అనుమానమున్నవాళ్ళు చేసే పని అది. తర్వాత ట్రైలరు కింద దూరాడు. ఇనుమంతా పొరలు పొరలుగా తుప్పు. ఉప్పునీటి వాసన తెలియని ట్రైలరు ఇలా ఉండదన్నాడు.

ఆ తర్వాత నేల మీది చెక్క ఎత్తి, అడుగునున్న పొడుగాటి దూలాల్ని ప్లాస్టిక్ సుత్తితో కొడుతూ పోయాడు. వీటిని స్ట్రింగర్లంటారు. బోటుకి ఇవే వెన్నెముక. ఇంజను కూర్చునేది కూడా వీటి మీదే. పాత తరం బోట్లలో చాలావాటికి ఇవి కర్రవే, పైన ఫైబర్‌గ్లాసు తొడుగు. స్క్రూ రంధ్రాల్లోంచి నీరు దిగితే లోపల కర్ర పుచ్చిపోతుంది, పైకేమీ తెలియదు. టక్ టక్‌మని మోగితే సరే. ఇంజను దగ్గరికొచ్చేసరికి సుత్తి బొద్దుగా, తడిగోనె మీద కొట్టినట్టు పలికింది. ఇంజను బిగించిన బోల్టు పానాతో తిప్పితే, పట్టు లేకుండా ఊరికే తిరిగింది. పైన పటారం, లోన లొటారం! దాన్ని బాగుచేయాలంటే బోటు ఖరీదంతా అవుతుంది.

అన్నిటికంటే ఘోరమైంది చివర బయటపడింది. ఇంజనుకి కారు ఆల్టర్నేటర్ బిగించారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కారుది చవక. కానీ బోటు ఇంజను మూసిన గదిలో ఉంటుంది, పెట్రోలు ఆవిరి అడుగున పేరుకుంటుంది. బోటు కోసం చేసిన భాగాల నిప్పురవ్వ బయటికి రాదు. కారు భాగాలకి ఆ కట్టడి ఉండదు. ఒక్క రవ్వ చాలు.

చెల్లెమ్మ ఏమీ అనలేదు. బాబు చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచింది. పాప మాత్రం దారి పొడుగునా ముఖం ముడుచుకునే కూర్చుంది.

రంగు వెలిసిన నాయిక

రెండో బోటు రంగు వెలిసి, సీట్ల కుట్లు ఊడి ఉంది. ఖరీదు మాత్రం రెండు వేలు ఎక్కువ! గంటల మీటరు తొమ్మిది వందలు దాటింది. మావాడు గతుక్కుమన్నాడు. పెద్దాయన నవ్వాడు. "వాడకుండా మూల పడేసిన బోటుకంటే, వాడుతూ బాగా చూసుకున్న బోటు నయం" అన్నాడు. అమ్మే దంపతులు ఒక లావుపాటి నోటుబుక్కు తీసిచ్చారు. ఆయిలు మార్చిన ప్రతి తేదీ, చల్లబరిచే నీటిపంపులో రబ్బరు పంకా మార్చిన ప్రతి ఏడూ అందులో రాసి ఉన్నాయి. ఆ రబ్బరు ముక్క చవకే. అది అరిగిపోతే మాత్రం ఇంజను మాడిపోతుంది.

ఇంజను చల్లగా ఉంది. ఆయిలు పుల్ల తీసి చూశారు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్టు లెక్క. ఇది శుభ్రంగా ఉంది. ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే అన్నీ దగ్గర దగ్గరగా వచ్చాయి. దూలాలు ఫైబర్‌గ్లాసువి, బోల్టులు బిగువుగా ఉన్నాయి. బోటు వెనక చెక్కిన పన్నెండక్షరాల నంబరు కాగితాల్లో నంబరుతో సరిపోయింది.

ఇక నీటి పరీక్ష. తాళం తిప్పేముందు అడుగున గాలిపంకా నాలుగు నిమిషాలు ఆడించారు. పెట్రోలు ఆవిరి బయటికి పోవడానికి ఇది తప్పనిసరి అలవాటు. సరస్సులో అరగంట తిప్పితే వేడి సూది నిలకడగా ఉంది, కాళ్ళకింద అదురు లేదు. ఆగాక మళ్ళీ చెక్క ఎత్తి చూశారు. షాఫ్టు దగ్గర చుక్క చుక్కగా నీరు. మావాడు కంగారుపడ్డాడు. ఈ రకం బిగింపులో ఆ నాలుగు చుక్కలు పడటమే ఆరోగ్యమట, ధారగా కారితేనే జబ్బు!

పరీక్ష ఖర్చు కొన్ని వందల డాలర్లు. ఏనుగుని కొనేవాడు అంకుశం దగ్గర బేరమాడకూడదు కదా. బోటు ఇంటికొచ్చింది.

కంటికి కనపడని విలన్

పెద్దాయన వెళ్ళబోతూ పిల్లల్ని పిలిచి బోటు వెనకున్న పీట చూపించాడు. ఇంజను తిరుగుతున్నంతసేపూ దాని మీద కూర్చోకూడదు, పట్టుకుని వేలాడకూడదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆరుబయటే కదా అనుకుంటాం గానీ, సరిగ్గా ఆ పీట దగ్గరే అది పోగుపడుతుంది. మనిషి స్పృహ తప్పి చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారిపోతాడు. సినిమాలో విలన్ వస్తే వెనక సంగీతం వినిపిస్తుంది. వీడొస్తే ఏమీ వినపడదు.

మర్నాడు పాప నీళ్ళలోకి దిగింది. మావాడు చక్రం దగ్గర, చెల్లెమ్మ వెనక్కి తిరిగి పాప మీదే కన్నేసి. నడిపేవాడు ముందుకి చూడాలి కాబట్టి, వెనక చూడ్డానికి ఇంకో మనిషైనా, వెడల్పాటి అద్దమైనా ఉండాలని ఫ్లోరిడా చట్టం. మూడుసార్లు లేవబోయింది, మూడుసార్లూ మునిగింది. "తాడుని నువ్వు లాగకే తల్లీ, తాడే నిన్ను లాగనీ!" అని అరిచింది చెల్లెమ్మ. నీళ్ళతో సరదా లేదన్న మనిషే! నాలుగోసారి మోకాళ్ళు వంచి, చేతులు చాచి, పాప నీటి మీద లేచి నిలబడింది. ఎర్రబోటు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పాఠక మిత్రులారా! మనలో ఎంతమంది బోటు కొంటామో గానీ, బోటెక్కేవాళ్ళం చాలామందిమే. పాపికొండలకో, నాగార్జునసాగర్‌కో, భవానీ ద్వీపానికో వెళ్ళినప్పుడు రంగురంగుల జెండాలూ, మైకులో పాటలూ తర్వాత చూసుకోవచ్చు. ముందు లైఫ్‌జాకెట్ అడగండి. ఇచ్చాక ఒళ్ళో పెట్టుకోకండి, తొడుక్కుని బకిల్స్ బిగించండి. పడవలో జనం ఎక్కువైతే దిగిపోండి, ఇంకోటి వస్తుంది. తెర మీద హీరో మునిగినా పై రీలులో తేలతాడు. మనకి పై రీలు ఉండదు.