విజయనగరం ఫిడేలు, కయోవా గిటారు

 

విజయనగరం హాస్టల్లో మా గదిలో ఆరుగురం. సవర, జాతాపు, గదబ. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు నుంచి వచ్చినోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. కాలేజీ డేకి మమ్మల్ని ఏటడిగారంటే, గేటు దగ్గర నిలబడి అతిథులొచ్చినప్పుడు డప్పు, తుడుము వాయించమన్నారు. స్టేజీ మీద ఐటమ్ మాత్రం లేదట. ఆ రాత్రి ఎవ్వరికీ అన్నం సయించలేదు.

మాలో ఒకడికి ఇంగ్లీషు రాక్ పాటలంటే పిచ్చి. ఆడే మొదలెట్టాడు, జెస్సీ ఎడ్ డేవిస్ అని ఒకాయన గురించి. ఒక్లహోమాలో పుట్టిన ఆదివాసీ. అమ్మ కయోవా, నాన్న వైపు కమాంచీ. 1968లో తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి మొదటి ఆల్బమ్‌లో స్లైడ్ గిటార్ వాయించాడు. స్లైడ్ అంటే వేలికి చిన్న గొట్టం తొడిగి తీగ మీద జార్చడం. అది విని డువేన్ ఆల్‌మన్ అనే తెల్ల కుర్రాడు జలుబు మాత్రల గాజుసీసా వేలికి తొడుక్కుని నేర్చుకున్నాడు. ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్‌కి అంత పేరు తెచ్చిన ఆ స్లైడ్ ఇలగ వచ్చింది! 1972లో జాక్సన్ బ్రౌన్ పాట 'డాక్టర్ మై ఐస్'లో గిటారూ డేవిస్‌దే. అదే ఏడాది వచ్చిన ఈగల్స్ మొదటి హిట్‌ని గ్లెన్ ఫ్రేతో కలిసి రాసింది ఈ బ్రౌనే. ఈగల్స్ అంటే 'హోటల్ కాలిఫోర్నియా' వోళ్లు.

ఇక్కడితో అవ్వలేదు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం జార్జ్ హారిసన్, రవిశంకర్ పెట్టిన కచేరీలో డేవిస్ కూడా వాయించాడు. ఆ రవిశంకర్ యెహుదీ మెనుహిన్‌తో కలిసి రికార్డు చేశాడు. ఆ మెనుహిన్ అంతకుముందే మద్రాసులో ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు విని మెచ్చుకున్నాడు. మరి ద్వారం వారు పాఠం చెప్పింది ఎక్కడ? 1919లో పెట్టిన మన విజయనగరం సంగీత కళాశాలలోనే!

కాసేపు గది గదంతా గోల. తర్వాత ఒకడు మెల్లగా అన్నాడు, "ఇందులో మన తుడుము ఎక్కడుందిరా?" ఎవ్వరం మాటాడలేదు. కందికొత్తల పండక్కి రాత్రంతా వాయించే తాత పేరు ఏ రికార్డు మీదా లేదు. ఫోన్లో కూడా మేం ఎత్తుకోలేదు, సిగ్గుపడి. అది మా తప్పే.

మర్నాడు ఆరుగురం వెళ్లి అడిగాం. గేటు దగ్గర వాయిస్తాం సార్, స్టేజీ మీదా వాయిస్తాం అని. చాలాసేపు చూసి అయిదు నిమిషాలిచ్చారు. కాగితం మీద 'ట్రైబల్ ఐటమ్' అని రాస్తే, కొట్టేసి 'సవర, జాతాపు, గదబ వాద్యాలు' అని రాయించి, కింద ఆరుగురి పేర్లూ పెట్టించాం. ఆకులు కట్టుకుని రమ్మన్నారు. ప్యాంటూ చొక్కాతోనే వస్తామన్నాం. దాని మీద ఇంకా ఏటీ తేల్లేదు.

తుడుము తోలు వదులైపోయింది, బాగుచేసేది తాతే. శనివారం సీతంపేట నుంచి ఎవరైనా విజయనగరం వస్తున్నారా? వస్తే తెచ్చిపెట్టండి, బస్సు చార్జీ మేమిస్తాం.