అలుకు

పెళ్లి మ్యూజియం ఉన్నచోట చేసుకుందామన్నది నేనే. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులుండాలి. అదనపు రుసుము కడితే, ఆఫీసుకు మరీ దూరం కాకుండా, మనం కోరుకున్న చోట జరుపుకోవచ్చు. కన్యాదానం ఉండదు. నాన్న పోయాక ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కూర్చోని అమ్మ, నా పెళ్లిలో సాక్షి కావచ్చు.

నేను కోరుకున్నది శిల్పారామం. 1998లో తెరిచిన సైబర్ టవర్స్‌కి దగ్గర్లోనే, 1992లో తలపెట్టిన చేతివృత్తుల గ్రామం. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఆవరణలున్నాయి, పల్లె మ్యూజియం ఉంది. మట్టి ఇళ్లు, పనిలో ఉన్న మనుషుల నిలువెత్తు బొమ్మలు. "అద్దాల మేడల మధ్య మన పల్లె" అన్నాను అతనితో. ఆ మేడల్లోనే కోడ్ రాసే అతను సరేనన్నాడు.

చోటు చూపిద్దామని అమ్మను తీసుకెళ్లాను. అమ్మ బొమ్మల్ని చూడలేదు. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది.

"గీ గోడలు ఎవలు అలుకుతరు బిడ్డా?"

"ఎవరో పనివాళ్లుంటారమ్మా."

"ఆడోళ్లేనా?"

పల్లె కథల మీద డాక్టరేట్ చేసినదాన్ని, జవాబు లేదు. ఆ గోడలో నాకు అందం కనిపించింది. అమ్మకు పేడనీళ్లలో పగిలిన తన వేళ్లు కనిపించాయి.

చోటు మార్చలేదు. శుభలేఖలో 'పల్లె వాతావరణంలో' అన్న మాట మాత్రం కొట్టేశాను. అమ్మకి అది చాల్లేదు.

"అలికేటామె ఎవలో అడుగు. నీ పెండ్లికి ఆమెకో చీర పెట్టాలె."

ఇంకా అడుగుతూనే ఉన్నాను.