ఎరువు పడని నేల

సతారా నుంచి కాస్ పీఠభూమికి పాతిక కిలోమీటర్లు. యవతేశ్వర్ ఘాట్ ఎక్కుతుంటే పొగమంచు దట్టంగా కమ్మేసి, పగలే లైట్లు వేసుకుని నడపాల్సి వచ్చింది. సెప్టెంబరులో ఈ దారి పట్టేవాళ్ళందరూ పూల కోసమే వస్తారు. నేను మాత్రం పురుగుల్ని తిని బతికే డ్రోసెరాను దాని సొంత చోట చూడాలని బయల్దేరాను.

కాస్ సుమారు 1,200 మీటర్ల ఎత్తున పరుచుకున్న రాతినేల. అడుగున బసాల్టు, దాని మీద తుప్పురంగు లాటరైటు, ఆ పైన చాలాచోట్ల వేలెడు మందం కూడా లేని మట్టి. 2012లో పశ్చిమ కనుమల్లో భాగంగా యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. కనుచూపు మేరా ఊదారంగు పూలు. వాటిని ఇక్కడివాళ్ళు సీతమ్మ కన్నీళ్ళంటారు. అందరూ ఫొటోలు తీసుకుంటున్న ఆ పూలమొక్క కూడా వేటాడేదేనని ఎంతమందికి తెలుసో! దాని వలలు తడిమట్టిలో ఉంటాయి. కంటికి ఆనీ ఆనని ఆ తిత్తులు నీటిలోని సూక్ష్మజీవుల్ని లోపలికి పీల్చేసుకుంటాయి.

డ్రోసెరా చూడాలని అడిగితే, గైడుగా వచ్చిన స్థానిక యువకుడి ముఖం వెలిగిపోయింది. అడిగేవాళ్ళు తక్కువట. కాలిబాట పక్కన, నీళ్ళు ఊరుతున్న రాతి అంచున కూర్చుని చూపించాడు. జానెడైనా లేని మొక్క, సన్నటి పొడుగాటి ఆకులు. ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసనా ఒక మెరిసే బొట్టు. ఎండెక్కినా ఆరని బొట్టు అది, పనస తొనలు ఒలిచిన చేతికి అంటే జిగురులా సాగుతుంది. చిన్న దోమ ఒకటి చిక్కుకుని గింజుకుంటోంది. ఎంత గింజుకుంటే అంత జిగురు. చుట్టుపక్కల నూగు మెల్లగా దానివైపు వంగుతుంది, శ్వాసరంధ్రాలు మూసుకుపోయి పురుగు చస్తుంది. తర్వాత ఆకే దాన్ని అరిగించుకుని, ఈ నేలలో దొరకని నత్రజనిని అలా సంపాదించుకుంటుంది.

1860 వేసవిలో ఇంగ్లండులోని ససెక్స్ బీడునేలల్లో దీని చుట్టమైన గుండ్రాకుల డ్రోసెరాను చూసి డార్విన్ దాని మాయలో పడిపోయాడు. 1875లో కీటకాహార మొక్కల మీద ఏకంగా పుస్తకమే వేశాడు. మిల్లీగ్రాములో వెయ్యోవంతు తూగని వెంట్రుక ముక్కకు కూడా ఆ నూగు కదిలిందని కొలిచి చెప్పాడు. అదే వానచినుకు పడితే కదలదు. వర్షాకాలమంతా తడిసే ఈ కొండ మీద నిలబడి తలుచుకుంటే ఆ సంగతి విలువ నాకు బాగా తెలిసొచ్చింది. ప్రతి చినుక్కీ ముడుచుకునే మొక్క ఇక్కడ బతకలేదు.

మాతో నడుస్తున్న కరాడ్ వైపు చెరకు రైతు ఒకాయన అంతా విని, “పాపం, నేలలో బలం లేకనే కదా ఈ తిప్పలు! కాస్త పేడ వేస్తే సరిపోదా?” అన్నాడు. ఎంత దయగల ప్రశ్న! కానీ ఆ పేడే దీని చావు. కుండపోత వానలు నత్రజనిని ఎప్పటికప్పుడు కడిగేస్తాయి కనుకే ఇక్కడ గడ్డి ఏపుగా ఎదగదు. గడ్డి ఎదగదు కనుకే ఈ పొట్టి మొక్కకు ఎండ దొరుకుతుంది. నేలకు బలం వచ్చిన మరుక్షణం గడ్డి దీన్ని కమ్మేస్తుంది. బీడు బాగుచేయడమే మంచిపనని నమ్మే రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి; కొన్ని బీళ్ళను బీళ్ళుగానే కాపాడాలని ఈ రాతి మీద ఒప్పుకున్నాను.

బూటుకాలు చేసే చెరుపు కూడా తక్కువేం కాదు. ఇంత పలుచని మట్టి ఒక్కసారి చెదిరితే మళ్ళీ ఏర్పడడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే గైడు ప్రతి మలుపులోనూ రాయి మీదే అడుగు వేయమని హెచ్చరిస్తూ వచ్చాడు. వానలు వెనకబట్టాక ఈ మొక్కలన్నీ ఎండిపోతాయి. వచ్చే ఏటి మొలక ఆ మట్టిలో రాలిన గింజల్లోనే ఉంది.

దిగేటప్పుడు ఆ రైతు, మా ఊళ్ళో ఇది దొరుకుతుందా అని అడిగాడు. చెరకు తోటలో దొరకదు, ఎరువు తగలని తడి ఇసుకనేలలో, ఎండ నేరుగా పడేచోట వెతకమన్నాను. మన తూర్పు కనుమల్లోనూ డ్రోసెరాలున్నాయి. వచ్చే వానలకు నేను వెతకబోయేది అక్కడే.