కాలువ దించేటప్పుడు

వానాకాలంలో మా ఇంట్లో పేపర్ రాగానే ముందు తెరిచేది జిల్లా పేజీ. నిజాంసాగర్ ఎంత నిండిందో చూడాలి కదా. పూర్తిగా నిండితే 1405 అడుగులు. చిన్నప్పుడు అది డ్యామ్ లోతు అనుకునేవాణ్ణి. కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు అని సర్వేయింగ్ క్లాసులో తెలిసింది. సముద్రం మొహం చూడని మా వర్ని వాళ్లం ఏటేటా సముద్రంతోనే లెక్క చూసుకుంటున్నామన్నమాట. ఆ లెక్క నాకు నిజంగా అర్థమైంది మాత్రం థర్డ్ ఇయర్ సెలవుల్లో, అనంతగిరి ఘాట్ మీద, చేతిలో చిప్స్ ప్యాకెట్‌తో.

నలుగురం వైజాగ్ వెళ్లాం. నేను, నా రూమ్మేట్ సిద్దిపేటోడు, ఇంకో ఇద్దరు ఖమ్మం వాళ్లు. హాస్టల్లో ఊరి పేర్లే మా పేర్లు. ప్లాన్ మొత్తం నాదే. ఎక్సెల్ షీట్‌లో గంటగంటకీ ఒక గడి. పొద్దున రుషికొండలో స్కూబా డైవింగ్, మధ్యాహ్నం కారెక్కితే చీకటి పడే సరికి అరకు. కారుకీ అరకులో రూముకీ అడ్వాన్స్ నా ఫోన్ నుంచే కట్టాను.

పడవ ఎక్కేముందు ట్రైనర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. చెవులు నొప్పెడితే ముక్కు మూసి గాలి ఊదాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. చివర్లో మామూలుగా అడిగినట్టే అడిగారు: "ఈరోజు ఫ్లైట్ గానీ, అరకు గానీ ఉందేటి బాబూ?"

ముగ్గురూ నా వైపు చూశారు. "లేదు సార్, ఇక్కడే ఉంటాం" అన్నాను. ఎందుకు అడిగారో నాకు తెలియదు. ఉందంటే డైవింగ్ వద్దంటారేమో, నా షీట్ అంతా పాడైపోతుందేమో అనిపించింది. అబద్ధం నోట్లోంచి వచ్చేసింది.

ఎనిమిది మీటర్ల లోతు, ఇరవై నిమిషాలు. నేను కాలువలో ఈత నేర్చుకున్నోణ్ణి. ఆ ఎర్రనీళ్లలో కళ్లు తెరిచినా చెయ్యి కనపడదు. ఇక్కడ రాళ్ల మధ్య చారల చేపలు నా వేళ్ల దాకా వచ్చి తిరిగిపోయాయి. పైకి తేలేసరికి పదకొండు.

నాలుగింటికి శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. ఒడిలో ఉన్న చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బింది. అందరం నవ్వి ఫోటో తీసుకున్నాం. తీశాక నాకు నవ్వు ఆగిపోయింది. ప్యాకెట్ లోపల గాలి పెరగలేదు, బయట ఒత్తిడి తగ్గింది. మరి మా లోపల? ట్రైనర్ గారి ప్రశ్న గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోంచి సిద్దిపేటోడు అన్నాడు: "అరేయ్, ఇందాకటి నుంచి భుజం గుంజుతున్నది. ఇప్పుడు మోచేయి దాక వచ్చింది."

సిగ్నల్ దొరికిన మలుపులో ఫోన్ తీసి చదివాను. విషయం ఇంటర్ కెమిస్ట్రీలో ఉన్నదే, హెన్రీ నియమం. నేలమీద మన చుట్టూ ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి ఉంటుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఇంకొకటి చేరుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోంచి నైట్రోజన్ మామూలు కన్నా ఎక్కువగా రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. ఒడ్డుకు వచ్చాక అది ఊపిరితో మెల్లమెల్లగా బయటికి పోతుంది, దానికి గంటలు పడుతుంది. ఈలోగా కొండెక్కితే ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తున్న అరకులో అది దాదాపు 0.9 అట్మాస్ఫియర్లే. అప్పుడు మిగిలిన గ్యాస్ ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పితో మొదలై వెన్నుపాము దాకా పోవచ్చు.

డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ల 2002 నాటి సూచన ప్రకారం, మాలాంటి మామూలు డైవ్ ఒక్కటి చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. క్యాబిన్‌లో ఒత్తిడి 2000 నుంచి 8000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుందని వేసిన లెక్క అది. అరకు ఎత్తు దాదాపు 3000 అడుగులు. అంటే విమానం దాకా అక్కర్లేదు, ఘాట్ రోడ్డు చాలు. మేం ఆగింది ఐదు గంటలు.

"బండి తిప్పండి అన్నా" అన్నాను. దిగుతూ ట్రైనర్ గారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. తిట్టలేదు. ఎన్నింటికి తేలామో, నొప్పి ఎప్పుడు మొదలైందో అడిగి, నేరుగా హాస్పిటల్‌కి పొమ్మన్నారు. అక్కడ డాక్టర్ గారు వాడికి ఆక్సిజన్ పెట్టి అవే ప్రశ్నలు అడిగారు. ఎంత లోతు, ఎంతసేపు, తర్వాత ఎక్కడికి? ఈసారి ఒక్కటి కూడా దాచలేదు.

ఆ రాత్రి బెంచీ మీద కూర్చొని ఇంకా చదివాను. మెల్లగా, ఆగి ఆగి పైకి రావాలన్న పట్టికలు మొదట వేసింది జె.ఎస్. హాల్డేన్. మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ప్రచురించాడు. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ రెండో ప్రపంచయుద్ధం నాటికి తనే పీడన గదుల్లో కూర్చుని తన ఒంటి మీదే పరీక్షలు చేసుకున్నాడు. తర్వాత ఇండియాకి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. ఆయన కోరుకున్నట్టే శరీరాన్ని మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పక్క గదిలో మాస్క్ పెట్టుకుని పడుకున్న ఫ్రెండ్‌కి నిజం ఖరీదు అంత తెలిసినవాళ్ల కథ చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తెల్లారేసరికి నొప్పి తగ్గింది. "సిలిండర్ ఎత్తేటప్పుడు కండరం పట్టేసి ఉంటుంది" అన్నారు డాక్టర్ గారు. ఆ "ఉంటుంది" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాయినకి ఫోన్ చేసి అంతా చెప్పాను. మా నాయిన కాలువ మీద లష్కర్‌గా చేసి రిటైరయ్యాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "కాలువ దించేటప్పుడు ఏం జేస్తం బిడ్డా? తూము ఒక్కపారే మూస్తే కట్ట జారుతది. కాలువల నీళ్లు పోతయ్, కట్ట లోపట నీళ్లు ఉంటయ్ కదా. పైకెళ్లి సూస్తే పొడిగనే కనపడతది. అందుకే రోజుకింత దించాలె."

సాయిల్ మెకానిక్స్‌లో దీన్నే ర్యాపిడ్ డ్రాడౌన్ అంటారు. పరీక్షలో ఎనిమిది మార్కులకు రాశాను కూడా. కట్టకైతే రాశాను గానీ, మనిషికి ఉంటుందని అనుకోలేదు. ఒడ్డున తువ్వాలుతో తుడుచుకుంటే ఒళ్లు ఆరిపోయిందనుకున్నాం. లోపల తడి అట్లనే ఉంది. ట్రైనర్ గారి ప్రశ్న ఆ తడి గురించే.

రైల్లో సిద్దిపేటోడు ఒక్క మాటే అడిగాడు: "అడ్వాన్స్ ఎంత పోయింద్రా?" మూడున్నర వేలని చెప్పాను. నాలుగు భాగాలు చేసి తన వాటా పంపాడు. తిప్పి పంపేశాను.

తిరుగు ప్రయాణం మర్నాడు రాత్రి. అప్పటికి గంటలు నిండాయి. అయినా దారంతా ఎత్తులే లెక్కపెట్టుకున్నాను. హైదరాబాద్ 500 మీటర్లు దాటుతుంది, మా నిజామాబాద్ దాదాపు 400. చదునుగా వరి మళ్లతో కనిపించే మా నేల కూడా సముద్రం దిక్కు నుంచి చూస్తే గుట్టే.

మొన్న జూనియర్లు వైజాగ్ ప్లాన్ అడిగితే పాత షీట్ తెరిచి వరస మార్చాను. అరకు ముందు, రుషికొండ తర్వాత. రుషికొండ కింద ఒక రోజంతా ఖాళీ గడులు. "ఇవి ఎందుకన్నా, ఇంకేమన్నా పెట్టొచ్చుగా?" అన్నాడొకడు.

కాలువ దించడానికి అన్నాను.