నాన్న మాట, అమ్మ కూలి

మా నాన్న రెండు కాగితాల్ని ట్రంకుపెట్టెలో పాత దుప్పటి మడతల్లో దాచుకున్నాడు. ఒకటి జ్ఞానస్నానం సర్టిఫికెట్. రెండోది మిలటరీ వాళ్లిచ్చిన డిశ్చార్జి పుస్తకం. ఆయన గురించి రాయాలంటే నేను ఆ పెట్టె దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రైలుదారిలో మా ఊరు. ఊరికి ఎడంగా మా మాలపల్లె. తాతల నాటినుంచీ కతోలికులం. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని బాగా పెంచారు. ఆ ఊపులోనే 1963లో నాన్న చేరాడు, సర్వీస్ కోర్‌లో డ్రైవరుగా. తుపాకి కథలు మాకెప్పుడూ చెప్పలేదు. 1971 డిసెంబరులో అగర్తలా వైపు తాను రేషనూ పెట్రోలూ మోసిన లారీ గురించి అడిగితే మాత్రం, దీపాలార్పేసి రాత్రిపూట బండి ఎలా నడపాలో గంటసేపు చెప్పేవాడు. ఆ యుద్ధం పదమూడు రోజుల్లో అయిపోయింది. ఆయన బతికే ఉన్నాడన్న ఉత్తరం అమ్మకి చేరడానికి నెల దాటింది.

అమ్మకి చదువు రాదు. వచ్చిన ఇన్‌లాండ్ కవరు ఉపదేశిగారు చదివి వినిపించేవారు, జవాబూ ఆయనే రాసిపెట్టేవారు. మరియతల్లి దయవల్ల క్షేమం, మనియార్డరు పంపాను, పిల్లల చేత జపమాల చెప్పించు. పదేళ్ల ఉత్తరాలన్నీ ఇంతే. మూడో మనిషి గొంతులోంచి వినాల్సిన ఉత్తరంలో మొగుడు మాత్రం ఏం రాస్తాడు, పెళ్లాం మాత్రం ఏం రాయిస్తుంది?

పదిహేనేళ్ల సర్వీసు చేసి 1978లో పెన్షన్ మీద వచ్చాడు. గుంటూరులో ఒక బ్యాంకుకి రాత్రి కాపలా. పొద్దున రైలు దిగి, పూజకి వెళ్లి, ఇంటికొచ్చి మూడు గంటలు పడుకుని, కౌలుకి తీసుకున్న ఎకరం చేలోకి వెళ్లేవాడు. ఆయన ఖాళీగా కూర్చోవడం నేను చూసింది ఆదివారం మధ్యాహ్నాలే. అప్పుడు కూడా మా చెప్పులు ముందేసుకుని కుట్టేవాడు.

1989లో నేను పది పాసయ్యాను. కాలేజీకి కులం సర్టిఫికెట్ కావాలి. మండలాఫీసులో గుమాస్తా సలహా చెప్పాడు. "హిందువని రాయించుకో, ఎస్సీ ఇచ్చేస్తాను. మీవాళ్లంతా అట్లాగేగా తీసుకునేది" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "నా మిలటరీ పుస్తకంలో క్రిస్టియన్ అనుంది. అక్కడొక రాత, ఇక్కడొక రాత రాయించను" అన్నాడు. బీసీ-సీ సర్టిఫికెట్‌తో ఇంటికొచ్చాం. ఎస్సీ హాస్టలు పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్లకి ఎస్సీ హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ దాన్ని సవరించారు. క్రైస్తవులకీ ముస్లింలకీ సవరించలేదు. మతం షరతే తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా అది కాగితం మీదే ఉండిపోయింది. మతం మారితే పల్లె మారదు, బావి మారదు. అందుకే మా దగ్గర చాలామందికి గుళ్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు. వాళ్లని నేను తప్పుపట్టను. ఆ అబద్ధం వాళ్లచేత ఆడిస్తున్నది ప్రభుత్వం.

నాన్న ఆడలేదు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది, కోపమూ ఉంది. ఎందుకంటే దాని ఖరీదు కట్టింది అమ్మ. ఆయన పెన్షనూ బ్యాంకు జీతమూ తమ్ముళ్లకీ, కౌలుకీ, అప్పులకీ సరిపోయేవి. నా ఫీజు మిరపకోతల్లోంచి వచ్చింది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా అమ్మ కోతలకి పోయేది. సాయంత్రానికి చేతులు నిప్పుల్లా మండేవి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. ఆ చేతులతో మా మొహం తుడవడానికి భయపడేది. కోతలయ్యాక పత్తి తీతలు, కలుపులు. మన జ్ఞాపకాల వ్యాసాల్లో నాన్నలకి నీతి ఉంటుంది, అమ్మలకి ఓర్పు ఉంటుంది. ఓర్పుకి రోజుకింత అని కూలి కట్టి చూపించినవి నేను తక్కువే చదివాను.

ఆ సర్టిఫికెట్ సంగతి ముందుగా నిన్నడిగాడా అని చాలా ఏళ్లకి అమ్మనడిగాను. "అడగడమేంటే, వచ్చి చెప్పాడు" అంది. కాసేపాగి, "అడిగినా నేనూ అదే అందును" అంది. ఈ రెండో మాట నిజమనే నమ్ముతాను. కానీ మొదటి మాట దాన్ని చెరిపెయ్యదు.

ఆయన చెడ్డ మనిషి కాదు. అమ్మ కోతలకి వెళ్లే రోజుల్లో అన్నం తనే వండేవాడు. పల్లెలో మగాళ్లు నవ్వితే, "మిలటరీలో లంగరు వండేది మగాళ్లే" అనేవాడు. అంట్లు మాత్రం తోమేవాడు కాదు, ఎందుకో.

2011లో పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో అమ్మ పేరు పక్కన వేలిముద్ర వేయించాం. మొదటి డబ్బు చేతికొచ్చాక ఫిబ్రవరిలో అమ్మా, పక్కింటి పిన్నీ కలిసి గుణదల తిరునాళ్లకి బయల్దేరారు. ఎప్పుడొస్తావమ్మా అని అడిగితే, "చూద్దాంలే" అని బస్సెక్కేసింది.